నక్షల మా అమ్మ యాడ కూసుంటది?

మాది ఎర్రగడ్డ. రైతుబజార్ దాటి లోపటికి నాలుగు గల్లీలు తిరిగితె మా ఇల్లు. జాగ 60 గజాలు. 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడుగు. రెండు పక్కల పక్కోళ్ల గోడలు, ఎనుక ఇంకొకలి గోడ. ఎలుగు రావాల్నంటె ముంగట గల్లీకెల్లి రావాలె, లేకుంటె నెత్తిమీదికెల్లి రావాలె. గీ జాగల రేకుల కింద ముప్పై ఏండ్లు బతికినం. అమ్మ, అన్న, వదిన, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు. మొత్తం ఏడుగురం.

మూడేండ్ల కింద రేకులు తీసి స్లాబు ఏద్దామని చీటీ ఎత్తినం, కొంత లోను తెచ్చినం. మేస్త్రి వచ్చిండు. మంచోడు. మా బస్తీల సగం ఇండ్లు ఆయన కట్టినయే. పాత క్యాలెండర్ కాయిదం చింపి, ఎనుక దిక్కు పది నిమిషాలల్ల నక్ష గీసిండు. ముంగట హాలు, నడుమ బెడ్రూం, ఎనుక కిచెను, మూలకు బాత్రూం, గోడపొంటి మెట్లు. పైన గదే మళ్లొకసారి. "గీ గల్లీల అందరికీ గిదే నక్ష అన్నా, ఆలోచన చేసుడే లేదు" అన్నడు.

అమ్మకు సూపెట్టినం. ఆమెకు సదువు రాదు. కాయిదం మీద ఏలు పెట్టి, గిదేంది, గిదేంది అని ఒక్కొక్క డబ్బా అడిగింది. అంతా ఇని, "మరి నేను యాడ కూసుంట?" అన్నది.

ఎవ్వలం మాట్లాడలే.

అమ్మ ఇరవై ఏండ్ల సంది పూలు అల్లుతది. గుడిమల్కాపూర్ మార్కెట్టుకెల్లి దుకాణపాయన తెచ్చిన మల్లెలు, కనకాంబరాలు పొద్దుగాల మా ఇంటికాడ పోసి పోతడు. అమ్మ కడప పక్కన అరుగు మీద కూసోని మూరలకు మూరలు అల్లి పంపుతది. మోకాళ్లు అరిగినయి, దూరం నడవలేదు. గల్లీల పోయేటోళ్లంతా ఆమెను పలకరించే పోతరు. పాలోడు, నల్లా బిల్లోడు, బడికెళ్లి వచ్చే పిల్లలు, అందరి లెక్క ఆమె తానే ఉంటది. గా అరుగు మేస్త్రి నక్షల లేదు. దాని జాగల ఇనుప గేటు ఉన్నది.

నేను ఆర్కిటెక్టును గాను. పదో తరగతి కాడ ఆగిపోయినోన్ని. బస్తీ పట్టాలని, నల్లాలని, మోరీలని ఆఫీసుల సుట్టు తిరుగుకుంట నేర్సుకున్నదే నా సదువు. ఇండ్ల కోసం ధర్నాలు చేసిన, వార్డు ఆఫీసు ముంగట కూసున్న. ఇల్లు కావాలె అని అరిసినం గని, ఎసొంటి ఇల్లు అని ఎన్నడూ అడగలే. అమ్మ అడిగిన ఒక్క మాట తోని నాకు సిగ్గయింది. అప్పటిసంది గీ ముచ్చట మీద సదువుతున్న, నలుగురిని అడుగుతున్న. తెలిసింది తెలిసినట్టు చెప్త.

మా దోస్తు బిడ్డ ఒకామె ఆర్కిటెక్చర్ సదివింది. "ఫీజు ఇచ్చే తాకత్ లేదు బిడ్డా, ఒక్కసారి వచ్చి సూడు" అన్న. వచ్చింది. మొదటి రోజు పెన్సిలు బయటికే తియ్యలే. చాప మీద కూసోని, "మీ ఇంట్ల పొద్దుగాల ముందు ఎవలు లేస్తరు?" అని అడిగింది. ఇల్లు గీసేటామెకు గా సంగతి ఎందుకని నాకు అప్పుడు సమజ్ కాలే.

ఎందుకో తర్వాత తెలిసింది. మా ఇంట్ల నల్లా రోజు ఇడిసి రోజు వస్తది. వచ్చిన పొద్దు వదిన తెల్లారక ముందే లేసి, మూడు డ్రమ్ములు, ఎనిమిది బిందెలు నింపుతది. గా డ్రమ్ములు యాడుండాలె? క్యాలెండర్ నక్షల వాటికి జాగ లేదు. అంటే రేపు కొత్త ఇంట్ల అవి హాలు నడుమ ఉంటయన్నట్టు. అన్న ఆటో నడుపుతడు, ఐదింటికి బయటికి పోతడు, మధ్యాహ్నం వచ్చి పంటడు. పగటిపూట పండుకునేటోనికి చీకటి అర్ర కావాలె, గదే టైముకు నా భార్య కుట్టుమిషన్ కు ఎలుగు కావాలె. ఒక్క అర్రల రెండూ ఎట్లయితయి? ఇన్నేండ్లు మిషన్ సప్పుడుకు అన్న నిద్ర చెడి, చిన్నచిన్న లొల్లులు అయినయి. మేము గది మనుషుల గుణం అనుకున్నం. గోడ ఉండాల్సిన కాడ లేకపోవుడు అని ఎవ్వలకూ తోచలే.

"రాత్రి ఎవలెవలు యాడ పండుకుంటరు?" అని అడిగింది. చుట్టాలొస్తే ఎట్ల, ఎవలికన్న జరమొస్తే ఎట్ల, పీనుగు లేసిన పొద్దు మనుషులు యాడ కూసుంటరు, లగ్గమైతే వంట యాడ. ఆఖరికి మా బిడ్డను పక్కకు పిలిచి, నీకేం కావాలె అన్నది. ఇంటర్ సదివే పిల్ల. సప్పుడు లేకుండ చెప్పింది: "బట్టలు మార్చుకునే జాగ లేదక్కా. తడి బాత్రూంల ఒంటికాలి మీద నిలవడి మార్చుకుంట." నేను పక్క అర్రల ఉండి ఇన్న. పదహారేండ్లు నా ఇంట్ల పెరిగిన బిడ్డ. నేను ఎన్నడూ అడగలే, అది ఎన్నడూ చెప్పలే.

గట్ల రెండు పూటలు అడిగినంక టేపు తీసింది. గోడలు కొలవలే, సామాన్లు కొలిసింది. బీరువా, మిషన్, డ్రమ్ము, సిలిండరు, బియ్యం బస్తా, పగటిపూట మడిచి పెట్టిన బొంతల కుప్ప, దేవుని పటాలు. నా భార్య నిలవడితె మోచేయి నేలకు ఎంత ఎత్తున ఉంటదో గది కూడ కొలిసింది. వంట అరుగు మోచేతికి మూడు నాలుగు అంగుళాల కింద ఉండాలెనట. మేస్త్రీలు అందరికీ ఒక్క తీరుగ 34 అంగుళాలు పెడుతరు. మా ఆమె ఐదు అడుగులు దాటదు. ఆమెకు 32 సరిపోతది. రెండు అంగుళాలకు ఏమైతది అనుకుంటం. రోజుకు నాలుగు గంటలు, ఇరవై ఏండ్లు భుజాలు ఎత్తి రొట్టె చేసెటామెను అడుగుండ్రి, చెప్తది.

ఇగ అసలు ముచ్చట. మా అన్నకు అంతకుముందు ఏడాది టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు మింగిండు, తక్కువైంది. మా ఎర్రగడ్డల ఛాతి దవాఖాన ఉన్నది, రాష్ట్రం మొత్తం కెల్లి దగ్గేటోళ్లు గాడికే వస్తరు. దవాఖాన ఇంటి పక్కనే ఉన్నా, జబ్బు ఎట్లొస్తదో మాకు తెల్వకపాయె. మందులు రాసే డాక్టరమ్మ అన్నను అడిగిన మొదటి మాట, "పండుకునే అర్రకు కిటికీ ఉన్నదా?" అన్న, వదిన పండుకున్నది నడిమి అర్రల. మూడు దిక్కుల గోడలు, నాలుగో దిక్కు పరద. కిటికీ లేదు. టీబీ గాలిల తేలుతది. గాలి మారని అర్రల ఒకలు దగ్గితె గా పురుగు గంటలకు గంటలు అండ్లనే తిరుగుతది. ఎండ తగిలితె, గాలి ఆడితె చెదిరిపోతది.

గిది మా ఇంటి కథే గాదు. ముంబైల బస్తీలు కూలగొట్టి, లల్లూభాయ్ కాంపౌండ్, నట్వర్ పారేఖ్ కాంపౌండ్ అని పెద్ద బిల్డింగులు కట్టి పేదోళ్లను తోలిన్రు. బిల్డింగుకు బిల్డింగుకు నడుమ చానా తక్కువ సందు. కింది అంతస్తులల్ల పగలు కూడ లైటు ఎయ్యాలె. ఐఐటీ బాంబే ఓళ్లు, డాక్టర్స్ ఫర్ యూ అనే సంస్థ కలిసి అక్కడ సర్వే చేసిన్రు. జర సందు ఇడిసి కట్టిన పక్క కాలనీ కంటె, గీ రెండిట్ల టీబీ ఎక్కువున్నట్టు తేలింది. గుడిసెల కెల్లి పక్కా ఇంటికి పోతె జబ్బు తగ్గాలె. అక్కడ నక్షే జబ్బును మోసుకొచ్చింది.

మేస్త్రి గీసిన నక్షల కూడ నడుమ బెడ్రూముకు కిటికీ లేదు. అంటే పదిహేను లక్షలు పెట్టి అదే చీకటి అర్రను సిమెంటుతోని మళ్ల కట్టుకుంటున్నం అన్నట్టు.

గీ పిల్ల ఏం చేసిందంటె, ఎనుక మూలకు ఐదు అడుగులకు ఆరు అడుగులు జాగ ఇడిసిపెట్టింది. పైన స్లాబు లేదు, ఆకాశమే. కిచెను కిటికీ, ఎనుక అర్ర కిటికీ, బాత్రూం సందు, మూడూ గా బొయ్యారం లెక్క ఉన్న జాగలకు తెరుసుకుంటయి. గాలి ఒక దిక్కుకెల్లి లోపటికి వస్తె సరిపోదు, బయటికి పోయే తొవ్వ కూడ కావాలె. లేకుంటె సీసల ఊదినట్టే. ముంగట గల్లీకెల్లి వచ్చిన గాలి ఇంట్లకెల్లి తిరిగి, వేడెక్కి, ఎనుక బొయ్యారంలకెల్లి పైకి పోతది. కిటికీ ఎంతుండాలె అనేదానికి కూడ లెక్క ఉన్నది. మన అసొంటి పొడి ఎండల ఊర్లకు నేల కొలతల పదో వంతు అన్న తెరుసుకోవాలె అని నేషనల్ బిల్డింగ్ కోడ్ అంటది. పది పదుల అర్రకు పది చదరపు అడుగులు. మా గల్లీల ఇండ్లల్ల గండ్ల సగం కూడ ఉండదు, ఉన్నది కూడ కూలరు పెట్టి మూస్తరు.

మేస్త్రికి కోపమొచ్చింది. "ఎర్రగడ్డల గజం ధర తెలుసా అమ్మా? ముప్పై అడుగులు వానకు వదిలిపెడ్తవా? గా జాగల ఒక అర్ర పడ్తది, కిరాయికి ఇస్తె నెలకు మూడువేలు." ఆయన లెక్క తప్పు కాదు. నేనూ తన్లాడిన. ఒక రాత్రంతా ఆలోచన చేసిన. ఆఖరికి అమ్మనే తేల్చింది. ఆమె పుట్టిల్లు మెదక్ దిక్కు. "మా నాయిన భవంతిల కూడ నడుమ వాన పడేది. గా గచ్చు మీదనే తానాలు, గా గచ్చు మీదనే బాలింతకు ఎండ. ఇడువుండ్రి" అన్నది. నిజమే గదా. పెంకల ఇంటి నడుమ ఆకాశం ఇడిసిపెట్టుడు, కడప పక్కన అరుగు, గోడల గూళ్లు, నెత్తి మీద అటుక, వాకిట్ల జాలాట, గివన్ని మనోళ్లకు ఎవలు నేర్పిన్రు? ఊర్లకెల్లి పట్నమొచ్చినంక గజాల లెక్కల పడి మనమే మరిచిపోయినం.

వాస్తు ముచ్చట కూడ ఇండ్లనే చెప్పాలె, చెప్పకుంటె తెలుగోళ్ల ఇంటి కథ కాదు. నాకు నమ్మకం లేదు. అమ్మకు ఉన్నది. పిల్ల ఇద్దరితోని కొట్లాడలే. "అవ్వా, నీకు ఏది తప్పకుండ కావాలె, ఏది పోయినా ఫరవాలేదు?" అని అడిగింది. అమ్మ రెండే చెప్పింది. ఈశాన్యంల లెట్రిన్ ఉండొద్దు, పొయ్యి కాడ తూర్పు మొకం ఉండాలె. రెండూ కుదిరినయి. అదే ఒక వాస్తు పండితున్ని తోలుకొస్తె ఇరవై చెప్తడు, 60 గజాలల్ల ఇరవై కుదిరించేసరికి మనుషులకు జాగ మిగులదు.

మా పక్కింటాయన ఫిల్మ్‌నగర్ల సినిమా సెట్లకు వడ్రంగి పని చేస్తడు. హీరో ఇల్లు, విలన్ బంగ్లా, మిద్దెటోళ్ల హవేలీ, అన్ని కట్టిండు. ఆయన ఒకసారి నవ్వుకుంట చెప్పిండు: "మా ఇండ్లకు మూడే గోడలు అన్నా. నాలుగో గోడ కాడ కెమెరా ఉంటది. మోరీ ఉండదు, నల్లా ఉండదు, మెట్లు ఎక్కితె పైన ఏముండదు." సినిమాల ఎలివేషన్ అంటె హీరో నడిచొచ్చే సీను. మేస్త్రి కాడ ఎలివేషన్ అంటె ఇంటి మొకం. రెండిట్లా ఒక్కటే పిచ్చి. జూబ్లీహిల్స్‌ల సూసిన మొకాన్నే మా బస్తీల 18 అడుగుల ఇంటికి తగిలిస్తున్నరు. గుండ్రటి స్తంభాలు, అద్దాలు, గ్రానైటు, అల్యూమినియం. లక్షన్నర మొకానికి పోతది. పడమర మొకం ఇంటికి పైనుంచి కిందికి అద్దం పెట్టి, ఎండాకాలం సాయంత్రం లోపట కూసోలేక గల్లీల మంచాలేసుకున్నోళ్లను నేను సూసిన.

అయితె జూబ్లీహిల్స్ ను ఊకె తిట్టుడు కూడ సరిగాదు. గక్కడ ఇల్లు కట్టుకునే పెద్దమనిషి తాన ఆర్కిటెక్టు ఎన్ని సార్లు కూసుంటడు? ఆయన ఎన్ని గంటలకు లేస్తడు, కుక్క యాడ పంటది, పుస్తకాలెన్ని, చెప్పులెన్ని, వంటమనిషి ఏ తలుపుల వస్తది, అన్ని అడిగి గీస్తడు. ఐదు వందల గజాల జాగల ఒక తప్పు జరిగినా సర్దుకోవచ్చు, పక్క అర్రల కూసుంటరు. 60 గజాలల్ల ఒక్క తలుపు తప్పు దిక్కు తెరుసుకుంటె మంచం పట్టది. మాకు ఒక్కొక్క అడుగు మూడు పనులు చెయ్యాలె. అడిగి గీసుడు అక్కరున్నది నిజంగ ఎవలికో మీరే చెప్పుండ్రి.

గిట్ల అడిగి గీసెటోళ్లు లేక కాదు. కేరళల లారీ బేకర్ అని ఉండె. 1917ల ఇంగ్లండ్ల పుట్టిండు, 1945ల కుష్ఠు రోగుల దవాఖానలు కట్టనీకి ఇక్కడికొచ్చిండు, 2007ల తిరువనంతపురంల సచ్చిపోయేదాంక ఈ దేశపోడే అయిండు. ఇల్లు కట్టే సామాను ఐదు మైళ్ల లోపట దొరికేదే ఉండాలె అని గాంధీ చెప్పిన మాటను జిందగీ అంతా పట్టుకున్నడు. ఇటికెను నిలువుగ పేర్చి నడుమ ఖాళీ ఇడిసి గోడ కట్టిండు. గట్ల కడ్తె ఇటికెలు నాలుగో వంతు మిగులుతయి, నడుమ గాలి ఉంటది కాబట్టి ఎండ లోపటికి తొందరగ దిగదు. పూంతురల చేపలు పట్టేటోళ్లకు ఇండ్లు కట్టేటప్పుడు వరుసగ బ్యారక్‌ల లెక్క కట్టలే. ముందుకొకటి, ఎనుకకొకటి కట్టిండు. ఎందుకంటె సముద్రం గాలి అందరికీ తగలాలె, వలలు ఆరేసుకునే జాగ ఇంటి ముంగట్నే ఉండాలె. మా అమ్మ అరుగు గిసొంటిదే గదా.

బాలకృష్ణ దోషి పేరు ఇన్నరా? 2018ల ప్రిట్జ్‌కర్ బహుమానం తెచ్చుకున్న మొదటి భారతీయుడు. మన హైదరాబాద్ల ఈసీఐఎల్ టౌన్‌షిప్ గీసింది ఆయనే, 1960ల చివర్ల. తర్వాత ఇండోర్ల అరణ్య అని పేదోళ్ల కాలనీ గీసిండు. అండ్ల ఇల్లు మొత్తం కట్టియ్యలే. జాగ, పునాది, నల్లా, లెట్రిన్ ఇచ్చి, మిగతాది మీకు పైసలు అయినట్టు మీరు కట్టుకోండ్రి అన్నడు. ఎట్ల పెంచొచ్చో నమూనాకు కొన్ని ఇండ్లు కట్టి సూపెట్టిండు. చిలీ దేశంల అరవేనా అనేటాయన ఇకీకే ఊర్ల 2004ల ఇంకో తీరు చేసిండు. సర్కారు ఇంటికి 7,500 డాలర్లే ఇచ్చింది. గా పైసలతోని చిన్న ఇల్లు మొత్తం కట్టే బదులు, మంచి ఇల్లు సగం కట్టిండు. పక్కన అంతే జాగ ఖాళీ ఇడిసిండు. కష్టమైన సగం, అంటె పిల్లర్లు, మెట్లు, కిచెను, బాత్రూం ఆయన కట్టిండు. మిగతా సగం ఆ 93 కుటుంబాలు ఎవల తీరుగ ఓళ్లు కట్టుకున్నరు.

గీ సగం ఇల్లు ముచ్చట సదివి నాకు నవ్వొచ్చింది. మా ఎర్రగడ్డల ఏ మిద్దె ఎక్కినా పిల్లర్ల సలాకలు ఆకాశం దిక్కు నిలవడి ఉంటయి. అఫీసర్లకు అవి చూస్తె అడ్డదిడ్డం అనిపిస్తది. మాకు అది నక్ష. కొడుకు పెద్దగయితె ఒక అర్ర, బిడ్డ పురుడుకు వస్తె ఒక అర్ర, కిరాయికి ఒక పోర్షను. ప్రపంచం బహుమానాలిచ్చిన ఉపాయం మా మేస్త్రి ఎన్నటి సందో చేస్తున్నడు. కాకుంటె చెప్పెటోడు లేక రెండు తప్పులు జరుగుతయి. పైకి లేసే బరువును లెక్కగట్టకుండ కింద పిల్లర్లు ఏస్తరు. దానికి ఆర్కిటెక్టు కూడ చాలడు, స్ట్రక్చర్ ఇంజినీరు సంతకం కావాలె, అండ్ల మొకమాటం వద్దు. రెండోది మెట్లు. ముందు మెట్లు యాడ రావాలె అన్నది తేల్చకుంటె, రేపు పైపోర్షనోళ్లు మీ హాలుకెల్లి నడిచిపోవాలె. మెట్టు ఎత్తు ఏడు అంగుళాలకు మించితె మోకాళ్లు పోయినోళ్లు ఎక్కలేరు. జాగ మిగలాలని మా దిక్కు తొమ్మిది పెడుతరు. మా పాత ఇంటి మెట్లు గంతే ఉండె. అమ్మ పదకొండేండ్లల్ల ఒక్కసారి కూడ పైకెక్కి వడియాలు పెట్టలే.

ఇప్పుడు సర్కారు కాడికొద్దాం. డబుల్ బెడ్రూం ఇండ్లు వచ్చినప్పుడు నేను కూడ సంబురపడ్డ. 2015 నవంబర్ల సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీల 396 ఇండ్లు తెరిసిన్రు. జీ ప్లస్ టూ బిల్డింగులు, అదే జాగల, అదే మనుషులకు. బాగుండె. తర్వాత జాగ లేదని పట్నం బయటికి పోయిన్రు. 2023 జూన్ల కొల్లూరుల తెరిసిన కాలనీ సూడుండ్రి, 117 బ్లాకులు, 15,660 ఇండ్లు, తొమ్మిది నుంచి పదకొండు అంతస్తులు. ఒక్కొక్క ఇల్లు 560 చదరపు అడుగులు. మా 60 గజాలంటె 540 చదరపు అడుగులు. లెక్కకు మాకంటె ఇరవై అడుగులు ఎక్కువే. గట్టి గోడలు, లిఫ్టు, నీళ్లు. కాదనను. కిరాయి ఇండ్లల్ల సచ్చి బతికినోళ్లకు గది స్వర్గమే.

కని 15,660 ఇండ్లకు ఒక్కటే నక్ష. పూలల్లే అవ్వను తొమ్మిదో అంతస్తుకు పంపితె పూలు ఎవలు మోసుకొస్తరు? పొద్దంతా గల్లీల బండి పెట్టుకునెటోని బండి యాడ ఆగుతది? ఇస్త్రీ చేసెటామె బొగ్గులు యాడ రాజేస్తది? ఇంట్లనే మనం పని చేసుకుంటం అన్న సంగతి గీసినోళ్లకు తెల్వదు, ఎందుకంటె ఓళ్ల ఇండ్లల్ల పని బయటుంటది, ఇల్లు పండుకునే కాడ ఉంటది. మనకు ఇల్లే దుకాణం, ఇల్లే కార్ఖాన.

గీ పట్నంల అడిగి కట్టిచ్చిన పద్ధతి లేకుండె అంటె అది కూడ అబద్ధం. 1967ల మన మున్సిపల్ కార్పొరేషన్ల అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అని విభాగం మొదలువెట్టిన్రు. ఆ విభాగపోళ్లు బస్తీలల్ల కూసోని ముచ్చట పెట్టేటోళ్లు. పట్టా ఇప్పిచ్చి, లోను ఇప్పిచ్చి, ఇల్లు మాత్రం కుటుంబమే కట్టుకునేది. దేశం మొత్తం కెల్లి వచ్చి సూసి పోయిన్రు గా పనిని. యాభై ఏండ్ల కింద చేతనైంది ఇప్పుడెందుకు చేతగాదు?

ఇప్పుడు ఒక సందు దొరికింది, అందుకే గీ వ్యాసం. ఇందిరమ్మ ఇండ్ల పథకంల 5 లక్షలు విడతల వారీగ ఇస్తున్నరు. ఇల్లు 400 చదరపు అడుగులకు తక్కువ ఉండొద్దు, కిచెను, బాత్రూం తప్పకుండ ఉండాలె. కట్టుకునేది లబ్ధిదారే. అంటె నక్ష మన చేతుల ఉన్నది. పట్నంల 75 గజాల లోపు జాగకు పర్మిషన్ కోసం తిరుగుడు కూడ 2020 టీఎస్ బీపాస్ చట్టంతోని పోయింది, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటె జీ ప్లస్ వన్ కట్టుకోవచ్చు. పర్మిషన్ అక్కరలేదు అన్నరు, మంచిదే. కని దాంతోని ఇంకొకటి కూడ పోయింది. గా చిన్న ఇంటి నక్షను సదువుకున్నోడు ఒక్కడు కూడ సూసేది లేదు. కిటికీ లేని అర్రను ఆపేటోడు లేడు.

మేము అడిగేది పెద్దదేం కాదు. ప్రతి వార్డు ఆఫీసుల వారానికి రెండు రోజులు ఒక ఆర్కిటెక్టు, ఒక స్ట్రక్చర్ ఇంజినీరు కూసోవాలె. మాసబ్ ట్యాంకు కాడ సర్కారు ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ ఉన్నది, ఆఖరి ఏడాది పిల్లలను బస్తీలకు పంపుండ్రి. సర్టిఫికెట్ల కోసం ఉత్తుత్తి బంగ్లాలు గీసే బదులు మా ఇండ్లు గీస్తరు. మొదటి విడత పైసలు ఇయ్యకముందే నక్ష మీద ముచ్చట కావాలె, స్లాబు వడ్డంక ఎవలొచ్చినా లాభం లేదు. ఇంకొకటి, మేస్త్రీలను పక్కకు పెట్టొద్దు. కట్టేది ఓళ్లే. మా మేస్త్రి మొదలు కోపం చేసినా, బొయ్యారం పెట్టినంక లోపట గాలి ఆడుడు సూసి, తర్వాత రెండు ఇండ్లకు తనే చెప్పి పెట్టిచ్చిండు.

మా ఇల్లు అన్నిట్ల సక్కగ వచ్చిందని చెప్పను. జాలాట వాలు తప్పింది, నీళ్లు మూలకు నిలుస్తయి. కిటికీలు కొత్తయి కొనే తాకత్ లేక మా ఎర్రగడ్డ ఆదివారం సంతల పాత టేకు కిటికీలు రెండు తెచ్చినం. బేరం చేసి సంబురపడ్డం గని, ఒకటి కొలతకు రెండు అంగుళాలు తక్కువైంది, పక్కన సిమెంటు పూసి నింపినం. సూస్తె తెలుస్తది. ఎలివేషన్ లేదు. మొకానికి ఉత్త సున్నం. మిద్దె మీద కూడ తెల్ల సున్నమే కొట్టినం. 2023ల సర్కారు కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది, పెద్ద పెద్ద ఇండ్లకే రూలు పెట్టింది, మా అసొంటోళ్లకు ఇష్టమైతెనే అన్నది. కొట్టినంక ఎండాకాలం పై అర్రల చెయ్యి పెట్టి సూస్తె ఫరక్ తెలిసింది.

అన్న ఇప్పుడు పై అర్రల పంటడు. రెండు దిక్కుల కిటికీలు. మిషన్ కింద, ముంగట కిటికీ కాడ. బిడ్డకు పెద్ద అర్ర ఏం రాలే. బాత్రూముకు, ఎనుక అర్రకు నడుమ మూడు అడుగుల పొడి జాగ, దానికి ఒక తలుపు, లోపట ఒక గొళ్లెం. దానికి అదే సాలు.

అరుగు ఉన్నది. గల్లీ దిక్కు మూడు అడుగుల వెడల్పు, గోడకు ఒరిగి కూసుంటె కాళ్లు సాపుకునేంత. గేటు పక్కకు జరిగింది. పక్క గోడల పూల బుట్టలు పెట్టుకునే గూడు.

పోయిన నెల పిల్ల మళ్లొచ్చింది, కట్టినంక ఎట్లున్నదో సూడనీకి. మళ్లీ పెన్సిలు తియ్యకుండ అరుగు మీద అమ్మ పక్కన కూసున్నది. "అవ్వా, ఏం తప్పు చేసిన చెప్పు" అన్నది. అమ్మ చేతుల దారం ఆపకుండనే గూడు దిక్కు సూసింది.

"గిది జర కిందికి పెట్టాల్సుండె బిడ్డా. అందుకోనీకి ప్రతిసారి లేవాల్సొస్తున్నది."

పిల్ల టేపు తీసి, ఎంత కిందికో కొలుస్తున్నది.